మండలానికి ఒక్క వాన లెక్క చాలదు

శనక్కాయ వేసిన రైతుకు వాన అంటే తన చేలో పడిన వాన. వాతావరణ ఆధారిత పంటల బీమాలో మాత్రం ఆ ప్రాంతానికి చూపిన వాతావరణ కేంద్రంలో నమోదైందే వాన, పరిహారం తేలేదీ దాని మీదే. చేను నిలువునా ఎండినా, కేంద్రం దగ్గర ఓ జల్లు దంచి కొట్టిందంటే రైతు చేతికి ఏమీ రాకపోవచ్చు. ఆ కేంద్రం చెప్పే లెక్క ఎంత దూరం వరకు చెల్లుతుందో తేల్చకుండా బీమా నడపడం అన్యాయం. ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, దాన్ని తేల్చగల పని మన పాకాల మండలం చుట్టుపక్కలే జరిగింది.

ఆ మండలంలోని గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల పేరు చెబితే అందరికీ ఆకాశాన్ని చూసే పెద్ద రాడారే గుర్తొస్తుంది. అక్కడి శాస్త్రవేత్తలు నేల మీదా ఒక గొప్ప పని చేశారు. భారత్, ఫ్రాన్స్ కలిసి 2011లో పంపిన మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహం లెక్కలను సరిచూడటానికి, 50 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ప్రాంతంలో 36 వర్షమాపకాలు పెట్టారు. ఒకదానికొకటి 6 నుంచి 12 కిలోమీటర్ల ఎడం. మూడేళ్ల కొలతలతో రాసిన పత్రం 2016లో వచ్చింది.

అందులో తేలింది మన రైతులకు కొత్త కాదు, కానీ ఇప్పుడు దానికి అంకెలున్నాయి. నైరుతి రుతుపవనాల్లో వాన ఎక్కువగా రాత్రి 8 నుంచి 2 గంటల మధ్య, పడమటి నుంచి తూర్పుకు కదిలే మేఘాల గుంపులతో వస్తుంది. కాసేపు కురిసి పోయే చిన్న మేఘాల వాటా కూడా ఆ కాలంలో బాగానే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల్లో చాలావరకు పెద్ద వాయుగుండాల వంటివాటి వాన. అయినా అప్పుడూ అంతటా ఒకేలా పడదు. ఎక్కువసేపు, ఎక్కువగా కురిసే వానలు నైరుతిలో ఆ ప్రాంతపు పడమటి వైపు, ఈశాన్యంలో ఉత్తరం వైపు కనిపించాయి. కొండల సీమలో వాన తీరే అంత. వర్షాధారపు శనక్కాయ వేసేది నైరుతిని నమ్ముకునే!

ఒక చోటి లెక్క ఎంత దూరం చెల్లుతుందో తేల్చే దారి ఉంది. దగ్గరి చోట్ల కొలతలు ఒకదాన్నొకటి పోలి ఉండటం, దూరం పెరిగేకొద్దీ ఆ పోలిక సన్నగిల్లడం — గణాంకశాస్త్రం దీన్ని ప్రాదేశిక సహసంబంధం అంటుంది. భూగోళ శాస్త్రంలో ఇదే మొదటి సూత్రమని 1970లో వాల్డో టోబ్లర్ అన్నాడు. ఎంత దగ్గరైతే దగ్గర అన్నదే అసలు ప్రశ్న. దాన్ని కొలిచే పద్ధతి బంగారు గనుల్లో పుట్టింది. దక్షిణాఫ్రికా గని ఇంజనీరు డేనీ క్రీగ్ 1951లో మొదలుపెట్టిన పనిని ఫ్రెంచి గణితవేత్త జార్జ్ మాతెరాన్ శాస్త్రంగా నిలబెట్టాడు. పక్కపక్కనే తీసిన రెండు రాళ్లలో కూడా బంగారం పాలు కలవకపోవచ్చని వాళ్లకు బాగా తెలుసు.

మన బోర్లదీ అదే కథ. గట్టి రాతి నేలలో నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి. పక్క చేలో నీళ్లు పడ్డాయని అప్పు చేసి బోరు వేస్తే దుమ్మే లేవొచ్చు. కాబట్టి వానకు చెల్లే దూరం బోరుకు చెల్లదు. దిగుబడి తేల్చే పంట కోత ప్రయోగాల్లో దీనికి ఎదురు చిక్కు ఉంది. ఒకే వాలులోని పక్కపక్క చేలను కోసి తెచ్చిన అంకెలు, ఒకే ఇంటివాళ్లు చెప్పిన సాక్ష్యాల లాంటివి. ఎన్ని ఉన్నా బలం తక్కువే.

ప్రతి ఊళ్లో వాన కొలవడం అయ్యే పనేనా అని అధికారులు అడగొచ్చు. రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం 2000 దశకంలో చిత్తూరు సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. వర్షమాపకం చూసి నోటుపుస్తకాల్లో రాసింది, బోర్లలో నీటిమట్టం కొలిచింది రైతులే. ఆ నోటుపుస్తకాల పని మళ్లీ మొదలవ్వాలి. బీమా నోటిఫికేషన్‌లో ప్రతి కేంద్రం పేరు పక్కన, దాని లెక్క ఏ కాలంలో ఎన్ని కిలోమీటర్ల వరకు చెల్లుతుందో రాయాలి. ఆ దూరం దాటిన ఊళ్లకు వేరే వర్షమాపకం పెట్టాకే ప్రీమియం కట్టించుకోవాలి.