ఎర్రమట్టి ధీమా

షిల్లాంగ్ పీఠభూమి 1897 జూన్ 12 సాయంత్రం కదిలింది. తీవ్రత 8 దాటిన ఆ భూకంపానికి రాతి కట్టడాలు కుప్పకూలాయి, రైలు పట్టాలు పాముల్లా మెలికలు తిరిగాయి, దాదాపు 500 కిలోమీటర్ల అవతల కలకత్తాలో మేడలు బీటలు వారాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున ఆర్.డి. ఓల్డ్‌హామ్ రాసిన నివేదిక భూకంప శాస్త్రానికే పునాదిరాయి అయింది. కానీ పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఆ రోజు ఎంత ఊగిందో తెలుసుకునే వీల్లేదు, అప్పటికి ఆ కాలనీయే లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే జంక్షన్ ఆ తర్వాతి ఏళ్లలో వెలిసింది, వర్క్‌షాపు 1904లో వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికి వచ్చిన తెలుగువాళ్లు ట్రాఫిక్, మథురాకాటి, నింపురా బస్తీల్లో కుదురుకున్నది ఆ వెనక. కాబట్టి ‘తాతల నాటి నుంచీ ఇక్కడ ఏమీ కాలేదు’ అనే మాట నిజమే అయినా, ఆ తాతలే పెద్ద భూకంపం తర్వాత వచ్చినవాళ్లు. ఊరి అనుభవాన్ని నేల స్వభావానికి సాక్ష్యంగా తీసుకోలేం.

1897 లాంటిది మళ్లీ వస్తే ఏమవుతుందని అడిగేముందు, ఎలాంటిది అని అడగాలి. దూరం నుంచి వచ్చే పెద్ద భూకంపం వేరు, దగ్గరలో వచ్చే మధ్యస్థ భూకంపం వేరు. షిల్లాంగ్ నుంచి ఖరగ్‌పూర్‌కు దాదాపు 600 కిలోమీటర్లు. ఆ దారిలో గబగబా కొట్టుకునే అలలు అరిగిపోతాయి, నిదానంగా ఊపే అలలు మిగులుతాయి. అవి ఒంటి అంతస్తు ఇంటిని పెద్దగా పట్టించుకోవు, ఎత్తయిన కట్టడాన్ని ఉయ్యాల ఊపుతాయి. దగ్గరి భూకంపం ఇందుకు తలకిందులు. కుదుపు కొద్ది సెకన్లే, కానీ పదునుగా ఉంటుంది, పొట్టిగా బిర్రుగా ఉన్న ఇటుక గోడను విరిచేస్తుంది. 1964 ఏప్రిల్ 15న సాగర్ ద్వీపం దగ్గర వచ్చింది ఈ రకమే. తీవ్రత ఐదున్నర లోపే అయినా అప్పటి మేదినీపూర్ జిల్లాలోని కాంథి ప్రాంతంలో ఇళ్లు దెబ్బతిన్నాయి. ఖరగ్‌పూర్ చిక్కేమిటంటే రెండు రకాల భూకంపాలకూ కావలసిన మేత ఈ ఊళ్లో ఉంది. రైల్వే బస్తీల్లో ఇటుక గోడల పాత క్వార్టర్లు, బయట కింద పార్కింగు వదిలి సన్నటి పిల్లర్ల మీద నిలబెట్టిన కొత్త అపార్టుమెంట్లు. పెద్దది వస్తే ఒకరు, చిన్నది వస్తే మరొకరు.

దీనికి ఊళ్లో వినిపించే మొదటి జవాబు నేల. కోల్‌కతా కింద కిలోమీటర్ల మందాన అవక్షేపాలు, పైపొరల్లో మెత్తటి బంకమన్ను. ఖరగ్‌పూర్‌ది గట్టి ఎర్రమట్టి. ఈ మాట సరైనదే. మెత్తటి నేల కంపనాన్ని పెంచుతుంది, నీరు నిండిన ఇసుక కుదుపుకు బురదలా జారిపోతుంది, ఎర్రమట్టి మెట్టకు ఆ భయం తక్కువ. కానీ గట్టి నేల పునాదిని కాస్తుంది, గోడను కాయదు. కిటికీల పై వరుసలో ఇంటిని చుట్టి కట్టే కాంక్రీటు పట్టీ లేకపోతే ఏ గోడకా గోడ విడిగా ఊగుతుంది, మూలల దగ్గర విడిపోతుంది, కప్పు కిందికి వస్తుంది. దానికి నేల మెత్తగా ఉండనక్కర్లేదు. 1993 సెప్టెంబర్ 30న లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర 6.2 తీవ్రతకు వేల మంది చనిపోయింది దక్కను రాతినేల మీదే. వాళ్లను చంపింది మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు.

భూకంప పటంలో ఖరగ్‌పూర్ మూడో జోన్‌లో ఉందిగా, అంటే మధ్యస్థమేగా అనేది రెండో జవాబు. కిల్లారి అప్పటి పటంలో అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉండేది. 1997లో వణికిన జబల్‌పూర్ మూడో జోనే. జోన్ అంటే కట్టేవాడు పాటించాల్సిన కనీస లెక్క, ప్రకృతి ఇచ్చిన హామీ పత్రం కాదు. పైగా ఆ లెక్క కాగితం మీదికి రాకముందే కట్టిన ఇంటికి జోన్ ఏదైతేనేం? దూరం సంగతికి వస్తే, 2001 జనవరి 26న భుజ్ భూకంపం 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో వందల ప్రాణాలు తీసింది. కూలినవాటిలో ఎక్కువ భాగం కింద పార్కింగు వదిలిన అపార్టుమెంట్లే. 2025 మార్చి 28న మయన్మార్‌లో నేల కదిలితే దాదాపు 1,000 కిలోమీటర్ల దూరంలో బ్యాంకాక్‌లో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలిపోయింది.

భయాన్ని అతిగా చెప్పడం కూడా తప్పే, బెంగాల్‌కు ఆ చరిత్ర ఉంది. 1737 అక్టోబర్‌లో కలకత్తాను భూకంపం తుడిచిపెట్టిందనీ 3 లక్షల మంది చనిపోయారనీ పుస్తకాలు చాలాకాలం రాశాయి. అప్పటి కలకత్తా జనాభాయే అందులో చిన్న వంతు. ఆనాటి రికార్డులు తిరగేసిన భూభౌతిక శాస్త్రవేత్త రోజర్ బిల్‌హామ్ అది తుపాను, దాని ఉప్పెన అని తేల్చారు. అలాగే 1897 నాటి కదలిక సరిగ్గా అదే పగులు మీద మళ్లీ రావడానికి వేల ఏళ్లు పట్టవచ్చు. అయితే హిమాలయాల పొడవునా ఉన్న పగుళ్లు దాని వంతు కోసం ఆగవు: 1934లో బిహార్-నేపాల్, 1950లో అస్సాం, 2015లో నేపాల్‌లోని గోర్ఖా.

ఈ వరుసలో ఖరగ్‌పూర్ ముందుగా చదవాల్సింది 1934ను. ఆ జనవరి 15 మధ్యాహ్నం భూకంప కేంద్రానికి 150 కిలోమీటర్లకు పైగా దూరంలోని ముంగేర్ నేలమట్టమైంది, పక్కనే ఉన్న జమాల్‌పూర్ కూడా దెబ్బతింది. జమాల్‌పూర్ కూడా వర్క్‌షాపు చుట్టూ పెరిగిన రైల్వే పట్నమే. రైల్వే ఊరు దెబ్బతింటే నష్టం ఆ ఊరితో ఆగదు. హౌరా, టాటానగర్, ఆద్రా, భువనేశ్వర్ దారులు ఖరగ్‌పూర్‌లో కలుస్తాయి. కోల్‌కతా నిజంగా కూలిన రోజున దక్షిణం నుంచీ పడమర నుంచీ వచ్చే మందులూ మనుషులూ చాలావరకు ఈ జంక్షన్ మీదుగానే వెళ్లాలి. ఆ రైళ్లు నడిపే గార్డులూ పాయింట్స్‌మెనూ, వాళ్ల కుటుంబాలూ ఆ సమయానికి తమ క్వార్టర్ల ముందు ఇటుకలు తవ్వుకుంటూ ఉంటే సిగ్నల్ ఎవరు ఇస్తారు?

ఖర్చు మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కానీ దానికి రైల్వేల చరిత్రలోనే జవాబుంది. 1931లో బలూచిస్తాన్‌లో మచ్ భూకంపం తర్వాత ఎస్.ఎల్. కుమార్ అనే రైల్వే ఇంజనీరు క్వెట్టాలో భూకంపాన్ని తట్టుకునే స్టాఫ్ క్వార్టర్లు రూపొందించారు. ఇటుక గోడకు రైలు పట్టాలనే చట్రంగా వాడారు. 1935 మే 31న క్వెట్టాలో పదుల వేల మంది శిథిలాల కింద పోయినప్పుడు ఆ క్వార్టర్లు నిలబడ్డాయి. ఖరగ్‌పూర్‌లో ఇనుముకూ కొరత లేదు, ఇంజనీర్లకూ కొరత లేదు. కోల్‌కతా నేలను భూకంప ప్రమాదం లెక్కన ముక్కలుగా విడదీసి పటం గీసింది ట్రాఫిక్ బస్తీకి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఐఐటీ శాస్త్రవేత్తలే. కొరతల్లా బాధ్యతకు. రైల్వే స్థలంలో గోడ మీద మున్సిపాలిటీ మాట చెల్లదు, బయటి అపార్టుమెంటు మీద రైల్వేకు పట్టింపు లేదు. క్వార్టర్‌లో ఉండేవారు రిటైరయ్యాక ఖాళీ చేసేవారే కాబట్టి గోడ వయసు వారికి పట్టదు. ముందు రైల్వే ఆసుపత్రి, తర్వాత కంట్రోల్ ఆఫీసు, బడులు, ఆపైన పాత క్వార్టర్లు అనే వరుసలో గోడల పరీక్ష మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. డివిజన్ ఇంజనీరింగ్ శాఖ, మున్సిపాలిటీ, ఐఐటీ ఒక బల్ల ముందు కూర్చుంటే చాలు. ఇంతకీ ఆ కబురు ఎవరు పంపాలి?