పిల్లవాని చేతిలోని నాణెం

బొమ్మల కథల పుస్తకానికి ఎంత వెల ఉండాలి? ప్రచురణకర్త ఈ లెక్కను కాగితం ఖర్చుతో మొదలుపెడతాడు. మేము కొనేవాని జేబుతో మొదలుపెట్టదలచాము. ఎందుకంటే ఆ కొనేవాడు పదేళ్ళ పిల్లవాడు.

ఈ వ్యాపారం మొదట విస్తరించిన అమెరికానే చూద్దాం. 1938 జూన్ సంచికగా వెలువడిన మొదటి ‘యాక్షన్ కామిక్స్’ వెల 10 సెంట్లు, పుటలు 64. పది సెంట్లంటే అక్కడ ఒకే ఒక్క చిన్న నాణెం. పిల్లవాడు తండ్రిని అడగనక్కర లేదు, చిల్లర లెక్కపెట్టనక్కర లేదు. 1961 చివరి వరకూ ఆ వెల దాదాపుగా కదలలేదు. కాగితం, కూలి మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. అందుచేత ప్రచురణకర్తలు పుటలు తగ్గిస్తూ వచ్చి 32 వద్ద ఆగారు. మన వీధి దుకాణంలో బిస్కెట్ పొట్లం వెల మారకుండానే లోపలి బిస్కెట్లు తగ్గినట్లన్నమాట.

అయితే చౌకదనం అన్నివేళలా మేలే చేస్తుందనుకోవటం సరికాదు. పది సెంట్ల పుస్తకం అమ్మితే దుకాణదారునికి మిగిలేది రెండు మూడు సెంట్లు. అదే చోట ఖరీదైన వారపత్రికను నిలబెడితే అంతకు ఎక్కువే వస్తుంది. అతడు బొమ్మల పుస్తకాన్ని మూలకు నెట్టాడంటే తప్పుపట్టలేం. పిల్లవానికి అందే వెల అమ్మేవానికి గిట్టలేదు. ఈ వ్యాపారపు అసలు చిక్కు ఇదే.

వెల పెంచినప్పుడు ఏమైందో కూడా చూడాలి. 1961లో అక్కడి అతి పెద్ద ప్రచురణ సంస్థ డెల్ తన పుస్తకాల వెలను ఏకంగా 15 సెంట్లు చేసింది. తక్కినవారు 12తో సరిపెట్టుకున్నారు. అమ్మకాలు పడిపోగా డెల్ కూడా 12కు దిగివచ్చింది. మూడు సెంట్లే కదా అని పెద్దలకు అనిపించవచ్చు. పిల్లల లోకంలో మూడు సెంట్లు చిన్న మొత్తం కాదు. 1971లో డీసీ సంస్థ పుటలు పెంచి 25 సెంట్లు పెట్టింది. పోటీదారు మార్వెల్ కూడా ఒక నెల 25 పెట్టి, మరుసటి నెలలోనే పుటలు తగ్గించి 20కి దించింది. డాలరు పట్టుకొచ్చిన కుర్రవానికి ఒకచోట నాలుగు పుస్తకాలు, మరొకచోట అయిదు. కుర్రవాడు అయిదువైపే మొగ్గాడు. మార్వెల్ ముందుకు పోయింది. మరుసటి ఏడాది డీసీ కూడా 20కి దిగక తప్పలేదు.

ఆ తరువాత 1970వ దశకం నుండి కామిక్స్ మాత్రమే అమ్మే ప్రత్యేక దుకాణాలు పెరిగాయి. అక్కడ అమ్ముడుపోని ప్రతులు తిరిగి పంపే వీలు లేదు. కనుక దుకాణదారుడు తప్పక కొనేవారిని నమ్ముకున్నాడు. వారు పెరిగి పెద్దవారైన పాత పాఠకులు, పుస్తకాలు సేకరించి దాచుకునేవారు. వెల ఎంత పెరిగినా వారు కొంటారు. నేడు ఇరవై పుటల కథకు దాదాపు నాలుగు డాలర్లు. ధరల పెరుగుదలను లెక్కగడితే నాటి పది సెంట్లు నేటి రెండు డాలర్లకు కాస్త పైన ఉంటాయి. అంటే 64 పుటలకు తాత ఇచ్చిన దానికి దాదాపు రెట్టింపు ఇచ్చి, మనుమడు అందులో మూడో వంతు కథ చదువుతున్నాడు. 2011లో డీసీ 3.99 డాలర్లకు చేరిన కొన్ని పత్రికలను 2.99కి దించింది, కథను మాత్రం 22 పుటల నుండి 20కి కుదించింది. పెద్దల సంచిలో డబ్బు ఉన్నంతకాలం ప్రచురణకర్తకు రాబడికి లోటు రాలేదు. బడి పిల్లవాడే ఆ దుకాణపు గడప తొక్కటం మానేశాడు.

వాడు చదవటం మానేశాడా? లేదు. 2016లో వచ్చిన డేవ్ పిల్కీ ‘డాగ్ మ్యాన్’ తొలి పుస్తకం 240 పుటలు, గట్టి అట్ట, సుమారు పది డాలర్లు. పుటకు నాలుగు సెంట్లు. పలుచని పత్రికలో పుటకు ఇరవై. ఇలాంటి పుస్తకాలు బడులలో జరిగే పుస్తక ప్రదర్శనలలో, గ్రంథాలయాలలో పిల్లలకు ఎదురయ్యాయి. మొత్తం వెల ఎక్కువే, అయినా దానికి దక్కే చదువు ఎక్కువ. పైగా ఆ పది డాలర్లు తల్లి ఇస్తుంది, లేదా గ్రంథాలయం ఇస్తుంది.

అమ్మకం వేరు, చదువరుల సంఖ్య వేరు. మన ఊళ్ళలోని అద్దె పుస్తకాల దుకాణాలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. అక్కడ ప్రతి ఒక్కటే, దానిని రోజుకొక ఇంటికి చిల్లర డబ్బులకు ఇచ్చేవారు. తమ్ముడు చదివాక అక్క, అక్క తరువాత పక్కింటివారు. అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితం అంటించి మళ్ళీ అద్దెకు ఇచ్చేవారు.