వాకిట్లో ఆకులు… ఎవరి డ్యూటీ?

అక్టోబర్ వస్తే చాలు, రీల్స్ నిండా అమెరికా ఆకులే. ఎర్రటి మేపుల్ చెట్లు, ఆకుల కుప్పలోకి దూకే పిల్లలు, చేతిలో కాఫీ కప్పు. మనవాళ్లూ 'శరదృతువు వచ్చేసింది' అని క్యాప్షన్ పెట్టేస్తారు. కానీ మన శరత్తు అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు. వానలు తగ్గి, చెట్లన్నీ పచ్చగా కళకళలాడే టైమ్ అది. మన దగ్గర ఆకులు రాలేది మాఘ, ఫాల్గుణాల్లో, శిశిరంలో. అక్కడి చెట్లు చలికాలానికి రెడీ అవుతూ ఆకులు వదిలేస్తాయి. ఇక్కడివేమో నేల ఎండిపోయే రోజులకి నీళ్లు పొదుపు చేసుకోవడానికి వదిలేస్తాయి.

ఏలూరులో మా ఇంటి ముందు బాదం చెట్టుంది. సంక్రాంతి వెళ్లగానే ఆకులు ఎర్రబడతాయి. ఫొటోకి అదిరిపోతుంది! కానీ అరచేయంత వెడల్పు ఆకులు వాకిలంతా పరుచుకుంటే ఊడ్చేది ఎవరు? పొద్దున్న అమ్మ, సాయంత్రం అమ్మ. మధ్యలో గాలేస్తే బోనస్‌గా ఇంకోసారి అమ్మే.

కిందటేడు అమ్మకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఊడ్చి నడుం ఎత్తేసరికి గుమ్మం పట్టుకుని నిలబడిపోతోంది. నాన్న తేల్చేశారు. "మనిషిని పిలిచి చెట్టు కొట్టించేద్దాం. ఏ గొడవా ఉండదు."

నానమ్మ ఊరుకుంటుందా? "మీ నాన్న పెట్టిన చెట్టురా అది. మే నెలలో నీ స్కూటర్ ఎక్కడ పెడతావో చెప్పు" అంది. నాన్న దగ్గర జవాబు లేదు. పైగా 2002లో వచ్చిన వాల్టా చట్టం ఒకటుంది. చెట్టు కొట్టాలంటే అనుమతి అడగాలి.

నాకు ఆఫీసు గుర్తొచ్చింది. ఒక సర్వీసు మొత్తం ఒకే మనిషి మీద నడుస్తుంటే సర్వీసుని మూసెయ్యం కదా, పనిని నలుగురికీ పంచుతాం. అదే ఇంట్లో చెప్పా. శనివారం పొద్దున్న ఏడింటికి అందరూ వాకిట్లో ఉండాలని డిసైడయ్యాం.

నిలబడే లాగొచ్చని నాన్న పొడుగు కర్ర ఉన్న దంతె కొనుక్కొచ్చారు. చెల్లి గోనె సంచులు పట్టుకుంది. ఎత్తి మోసే పని నాది. నానమ్మ కుర్చీలోంచే సూపర్‌వైజర్. "చేత్తో తియ్యకండ్రా, ముందు కర్రతో కదపండి. తేళ్లుంటాయ్!" ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి, పాత కుప్ప అయితే మరీను. అమ్మని కూర్చోమన్నాం. ఐదు నిమిషాలు కూర్చుంది. ఆరో నిమిషంలో "ఆ మూల వదిలేశారు" అంటూ లేచింది.

రెండు గంటల్లో ఆరు సంచులు నిండాయి. నాన్న జేబులోంచి అగ్గిపెట్టె తీశారు. చెల్లి వెంటనే లాక్కుంది. పక్కింట్లో పసిపాప ఉంది. ఎండుటాకుల పొగలో ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే సన్నటి కణాలు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. 2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెత్తని ఆరుబయట కాల్చడాన్ని దేశమంతా నిషేధించింది. మామూలుగా కాలిస్తే రూ.5,000, పెద్ద మొత్తంలో అయితే రూ.25,000 జరిమానా. ఆ అంకె వినగానే నాన్న అగ్గిపెట్టె సంగతి మర్చిపోయారు!

మరి ఆకుల్ని ఏం చెయ్యాలి? సగం మల్లె, కరివేపాకు మొక్కల మొదట్లో రెండు మూడు అంగుళాల మందాన పరిచాం. కాండానికి తగలకుండా కాస్త ఎడం ఉంచాలి. నేల త్వరగా ఆరిపోదు, ఎండాకాలంలో నీళ్లు కలిసొస్తాయి.

మిగతా సగం కంపోస్ట్‌కి. కన్నాలు పెట్టిన పాత డ్రమ్ము చాలు. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ, కూరగాయల తొక్కల్లో నైట్రోజన్ ఎక్కువ. రెండు మూడు వంతుల ఆకులకి ఒక వంతు తొక్కలు వేసి, గుప్పెడు మట్టి కలపాలి. పిండిన గుడ్డంత తడి ఉంటే సరిపోతుంది. వారానికోసారి తిరగెయ్యాలి. కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, ఇంకొన్ని ఆకులు వెయ్యండి. బాదం ఆకులు మందం కాబట్టి ముక్కలు చేసి వేస్తే తొందరగా కుళ్లుతాయి. నల్లగా మారి మట్టి వాసన వస్తే ఎరువు రెడీ. మాది తొలకరికి చేతికొచ్చింది.

శనివారం సరే, మిగతా రోజుల సంగతి? నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి అసలు పరీక్ష అదే. పొద్దున్న దంతె నాన్నది, సాయంత్రం చెల్లిది. మొదట్లో నాన్న గేటు వేసుకుని ఊడ్చేవారు, ఎవరైనా చూస్తారని. ఇప్పుడు గేటు తీసే ఉంటోంది. పక్కింటి అంకుల్ కూడా దంతె ఎక్కడ కొన్నారని అడిగారట. అమ్మ మోకాళ్లు పూర్తిగా తగ్గలేదు గానీ, ఆ టైమ్‌లో కూర్చుని వేడివేడిగా టీ తాగుతోంది.

మీ ఇంట్లో చీపురు ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూడండి. ఈ వీకెండ్ ఫోన్ పక్కన పెట్టి ఓ గంట అందుకోండి. రీల్ తర్వాతైనా తీసుకోవచ్చు, ఆకులు ఎలాగూ మళ్లీ రాలతాయి!