కొయ్యనన్న డాక్టరు

మా క్వేకర్స్ హిల్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ఒకప్పుడు ఇళ్ళ ధరల మాటలే. ఇప్పుడు అందరికీ నలభై దాటాయి, నడుముల మాటలు మొదలయ్యాయి. రైల్లో సిటీ దాకా కూర్చుని వెళ్ళి, ఆఫీసులో కూర్చుని, మళ్ళీ కూర్చునే ఇంటికొచ్చే వాళ్ళం మరి. ఆ మాటల్లో తరచూ వినే ఫిర్యాదు ఒకటుంది: "జీపీ దగ్గర రెఫరల్ రాయించుకుని, నెలల తరబడి ఆగి స్పైన్ సర్జన్ దగ్గరికెళ్తే, వందల డాలర్లు తీసుకుని 'ఆపరేషన్ అక్కర్లేదు, నడవండి' అన్నాడండీ. ఆ మాత్రం మా అమ్మమ్మ చెప్పదూ?"

చెబుతుంది. కానీ నడక పనికిరాని నడుము ఏదో అమ్మమ్మకి తెలియదు. ఆయనకి తెలుసు. మనం డబ్బిచ్చింది దానికి.

ఆ తెలియడం వెనక ఎన్నేళ్ళున్నాయో చూడండి. ఇక్కడ మెడికల్ కాలేజీ, ఇంటర్న్‌షిప్ అయ్యాక కూడా ఆసుపత్రుల్లో కొన్నేళ్ళు చాకిరీ చేస్తేగాని ఆస్ట్రేలియన్ ఆర్థోపెడిక్ అసోసియేషన్ శిక్షణలో చోటు దొరకదు. ఆ శిక్షణ ఐదేళ్ళు. చివర్లో రాయల్ ఆస్ట్రలేసియన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఫెలోషిప్ పరీక్ష. ఆపైన వెన్నెముక కోసమే మరో ఏడాదో రెండేళ్ళో. మన దగ్గరైతే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఎంఎస్ మూడేళ్ళు, ఆ మీద స్పైన్ ఫెలోషిప్. నరానికి మిల్లీమీటర్ల దూరంలో స్క్రూ దించడం ఇందులో ఒక భాగమే. ఎవరికి దించకూడదో తేల్చుకోవడం అంతకన్నా ఆలస్యంగా వస్తుందని నా నమ్మకం.

ఆయన చేసిన పరీక్ష మనకి పరీక్షలా కనిపించదు, అదీ చిక్కు. నాలుగడుగులు నడవమంటాడు, మడమల మీద నడవమంటాడు. పడుకోబెట్టి కాలు నిటారుగా లేపి చూస్తాడు. బొటనవేలు పైకెత్తమని, దాన్ని తన వేలితో అదిమి చూస్తాడు. ఆ వేలికి బలం తగ్గితే నడుములోంచి దిగే ఐదో నరం మీద అనుమానం. మూత్రం సరిగా వస్తోందా అని అడిగితే మనవాళ్ళు సిగ్గుపడి "ఆ, అంతా బాగానే ఉంది" అనేస్తారు. ఆ రోజు ఆయన అడిగిన వాటన్నిటిలోకీ ముఖ్యమైన ప్రశ్న అదే.

మనకేమో ఎంఆర్ఐ కావాలి. రిపోర్టులో "డీజనరేషన్", "బల్జ్" అని రెండు మాటలు కనిపిస్తే చాలు, ఆ రాత్రి నిద్రుండదు. అసలు నొప్పే లేనివాళ్ళని స్కాన్ చేసిన 33 అధ్యయనాలను కలిపి 2015లో ఒక విశ్లేషణ ప్రచురించారు. ఇరవయ్యేళ్ళ వాళ్ళలో 37 శాతం మందికి, ఎనభయ్యేళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి డిస్కులు అరిగే ఉన్నాయి. జుట్టు నెరవడం లాంటిదన్నమాట. అయినా మనం ఆ ఫోటో తీసి హైదరాబాదులో బావగారి స్నేహితుడికి వాట్సాప్ చేస్తాం. ఫోటో బొటనవేలు ఎత్తి చూపించదు కదా!

ఈ ఆగడం తెల్లవాళ్ళ బద్ధకం అనుకునేవాళ్ళకి ఒక సంగతి. వెన్నుపూసకి క్షయ సోకితే కోసి తీరాలన్న వాదం బలంగా ఉన్న కాలంలో వారణాసిలో డాక్టర్ ఎస్.ఎం. తులి మందులతో మొదలుపెట్టి, తగ్గనివాళ్ళకీ నరాలు దెబ్బతిన్నవాళ్ళకీ మాత్రమే ఆపరేషన్ చేశారు. 1975లో ఆ ఫలితాలు ప్రచురించారు. దాని పేరే "మధ్యేమార్గం". మన దేశపు వార్డుల్లో పుట్టిన పద్ధతి అది.

కాల్లోకి గుంజే సయాటికా విషయం మరీ ఆసక్తిగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 283 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్ చేశారు, రెండోదాన్ని ఆగమన్నారు. 2007లో వచ్చిన ఫలితం: కోసినవాళ్ళకి నొప్పి త్వరగా తగ్గింది, కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ ఒకేలా కోలుకున్నాయి. ఆగినవాళ్ళలో పదికి నలుగురు చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు, అదీ నిజమే. నొప్పి భరించలేక "నాకు ఇప్పుడే కావాలి" అనేవాళ్ళని నేను తప్పుపట్టను. అది వాళ్ళ ఒళ్ళు.

పోనీ "నడవండి" ఉత్త మాటేనా? ఇక్కడ సిడ్నీలోనే, మక్వారీ యూనివర్సిటీ వాళ్ళు నడుంనొప్పి తగ్గిన 701 మందిని తీసుకుని, కొందరికి ఫిజియో సాయంతో క్రమంగా నడక పెంచారు. 2024లో ఫలితాలు వచ్చాయి. నొప్పి తిరగబెట్టడానికి మిగతావాళ్ళకి సగటున 112 రోజులు పడితే, నడిచినవాళ్ళకి 208 రోజులు.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. ఆపరేషన్ ఫీజు ముందు సలహా ఫీజు ఏపాటి? వద్దన్న సర్జన్ తన రాబడి తానే వదులుకున్నాడు. అలాంటివాణ్ణి మనం "చేతగానివాడు" అంటాం, మర్నాడే డిసెంబరు టికెట్టుకి హైదరాబాదులో అపాయింట్‌మెంట్ పెట్టుకుంటాం.

సర్జన్లతో నాకూ పేచీ ఉంది. ఎందుకు వద్దంటున్నారో పది నిమిషాలు విడమరిచి చెబితే సగం మంది రెండో డాక్టరు కోసం పరిగెత్తరు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకైతే ఆ ఇంగ్లీషు ఉచ్చారణే అర్థం కాదు, మధ్యలో మనం తర్జుమా చేస్తూ సగం మింగేస్తాం. ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో ఇంటర్‌ప్రెటర్ సేవ ఉచితం. ముందే తెలుగు కావాలని అడగండి, మొహమాటపడకండి.

ఇంకొక్క మాట. కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, పాదం ఒక్కసారిగా వేలాడిపోయినా నడక మాట మర్చిపోండి. రెఫరల్ కోసం, సోమవారం కోసం చూడకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళండి.