ముందు గది, తర్వాతే స్పీకర్
పాట సరిగా పలకడం లేదనిపిస్తే చాలు, మనవాళ్ల చెయ్యి జేబులోకి పోతుంది: కొత్త ఆంప్లిఫయర్, వేలు పోసి కొనే కేబుల్. నా మాట వింటే ఆ డబ్బు కొన్నాళ్లు జేబులోనే ఉంచండి. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. స్పీకర్ విషయంలోనూ అంతే. కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు, ఓ పక్క నిలువెత్తు గాజు తలుపు ఉన్న హాల్లో మనం వినేది సగం పాట, సగం గోడల మోత. స్పీకర్‌ను మూలకు నెడితే బేస్ ఉబ్బి మృదంగం నాదం ముద్దయిపోతుంది. గది 4 మీటర్ల పొడవుంటే దాదాపు 43 హెర్ట్జ్ దగ్గర ధ్వని రెండు గోడల మధ్య నిలిచి ఊగుతుంది. గోడకు ఆనించిన సోఫాలో అది హోరు, గది నడుమ అదే మాయం. ఏ ఖరీదైన తీగా దీన్ని మార్చలేదు, కుర్చీని కాస్త జరిపితే మారుతుంది. స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు తెచ్చి, అవీ మీ కుర్చీ సమబాహు త్రిభుజమయ్యేలా, ట్వీటర్లు చెవి ఎత్తులో ఉండేలా అమర్చండి. తివాచీ, మందపాటి కర్టెన్ కీచుదనాన్ని పీల్చుకుంటాయి. ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే బేస్ పలచబడుతుంది, అదీ చూడండి. నాలుగైదు మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ చాలు. ఇంత చేశాకా లోటు తెలిస్తే మార్చాల్సింది స్పీకర్లను. కేబుల్ వంతు అన్నిటికన్నా చివర.