ఆదివారం పొద్దున పంజాగుట్టను సైకిళ్లకు వదలండి

తెల్లవారుజామున ఐదున్నరకు అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద సైకిళ్లు కనిపిస్తాయి. తొక్కేవాళ్లకు హెల్మెట్లుండవు, ఒంటికి అతుక్కునే జెర్సీలుండవు. ఒకాయన క్యారియర్‌కు స్టీలు టీ క్యాను కట్టి ఉంటుంది, హ్యాండిల్‌కు పేపరు కప్పుల సంచి వేలాడుతుంటుంది. ఇంకొకాయన సైకిల్‌కు రెండు పక్కలా పాల ప్యాకెట్లు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్ మరొకరు. వెనక నుంచి సిటీ బస్సు హారన్ కొట్టిందంటే వీళ్లు చేయగలిగింది ఒక్కటే. ఎడమ కాలు నేలకానించి, సైకిల్‌ను మ్యాన్‌హోల్ మూత పక్కకు లాక్కుని, బస్సు పోయేదాకా నిలబడటం. క్యాను బరువుకు ముందు చక్రం లేస్తుంటే రొమ్ముతో హ్యాండిల్‌ను అదిమి పట్టుకోవడం కూడా అందులో భాగమే.

నగరంలో సైకిల్ గురించి మాట్లాడే సభల్లో వీళ్ల ప్రస్తావన రాదు. అక్కడ వినిపించే పేరు హెల్త్‌వే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ అది. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు పద్నాలుగున్నర. వెడల్పు నాలుగున్నర మీటర్లు. నెత్తిన సౌర పలకల కప్పు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో ఇలాంటి దారి చూసి వచ్చాక ఇక్కడా కట్టారు. పని బాగుందనే చెప్పాలి. మే నెల ఎండలోనూ నీడన తొక్కొచ్చు, వెనక నుంచి లారీ వస్తుందన్న భయం ఉండదు.

అయితే పంజాగుట్టలో ఉండే మనిషి ఆ నీడ దాకా చేరేదెలా? నానక్‌రామ్‌గూడకు పదిహేను కిలోమీటర్ల దాకా పోవాలి, అదీ నగరంలోకెల్లా రద్దీ రోడ్ల మీదుగా. అందుకని ఆదివారం పొద్దున్నే కారు వెనక స్టాండు బిగించి, దానికి సైకిల్ కట్టి బయల్దేరుతారు. గంటసేపు తొక్కి, మళ్లీ కారెక్కి వస్తారు. సైకిల్ తొక్కడానికి ముందు కారు కొనుక్కోవాలన్నమాట! టీ క్యాను ఆయనకు ఆ ట్రాక్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ప్రశాంతమైన సైకిల్ ప్రయాణం అనగానే చాలామందికి ఇటలీ ఫొటోలు గుర్తొస్తాయి. టస్కనీ కొండలు, వరసగా సైప్రస్ చెట్లు, ద్రాక్షతోటల మధ్య మెలికలు తిరిగే తెల్ల కంకర దారి, కనుచూపు మేరలో ఒక్క కారూ లేదు. చూసినవాళ్లు అదంతా ప్రకృతి ప్రసాదం అనుకుంటారు. నిజానికి ఆ దారులు సైకిళ్ల కోసం కట్టినవి కావు. ఊరికీ ఊరికీ మధ్య ఎడ్లబండ్లు నడిచిన మామూలు రోడ్లు. మిలాన్ నుంచి నేపుల్స్ దాకా పెద్ద మోటారు రహదారి 1964లో పూర్తయింది. ఇలాంటి రహదారులు వచ్చేకొద్దీ దూరం పోయే వాహనాలు అటు మళ్లాయి, పాత దారులు ఖాళీ అయ్యాయి. ఆ తెల్ల దారుల మీద కూడా తారు పోసేస్తారేమోనని జంకి, జన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో గయోలే ఇన్ కియాంతి ఊళ్లో లెరోయికా అనే సైకిల్ యాత్ర మొదలుపెట్టాడు. 1987కు ముందు తయారైన సైకిళ్ల మీదే రావాలన్నది నిబంధన. పాత సైకిళ్ల సరదా పైకి కనిపించేది. కంకర దారిని కాపాడుకోవడమే లోపలి ఉద్దేశం.

అక్కడైనా అన్ని రోడ్లూ నిశ్శబ్దంగా ఉంటాయనుకుంటే పొరపాటు. ఆల్ప్స్ కనుమల్లో ఎండాకాలం మోటార్‌సైకిళ్ల మోత భరించలేరు. స్టెల్వియో కనుమ 2,750 మీటర్లకు పైన ఉంటుంది, ఒక వైపు నుంచి ఎక్కితే 48 మలుపులు. ఆ దారి ఏడాదికి ఒకరోజు సైకిళ్లకే. డోలమైట్స్‌లో సెల్లా పర్వతాన్ని చుట్టే నాలుగు కనుమలను కూడా ఏటా జూన్‌లో ఒకరోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా మోటారు బండ్లకు మూసేస్తారు. అంటే అక్కడి నిశ్శబ్దానికీ తేదీ ఉంది, వేళలున్నాయి. వాహనాలను కొన్ని గంటలు పక్కకు జరిపితే వచ్చింది తప్ప, కొత్త రోడ్డు వేస్తే రాలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1973. అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో చమురు కరువొచ్చింది. డిసెంబర్ 2 నుంచి ఆదివారాలు సొంత వాహనాలు బయటకు తీయొద్దని ఇటలీ ప్రభుత్వం ఆదేశించింది. తప్పక చేసిన పని అది. కానీ జనం సైకిళ్లేసుకుని, కొందరు గుర్రాలెక్కి రోమ్ వీధుల్లోకి వచ్చేశారు. ఏడాది తిరిగేసరికి, 1974 డిసెంబర్‌లో, కొలంబియా రాజధాని బొగోటాలో పౌరులే పూనుకుని ఆదివారం రోడ్లు అడిగారు. ఇప్పుడక్కడ ప్రతి ఆదివారం, ప్రతి సెలవు రోజు, ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు వరకు 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు సైకిళ్లకూ పాదచారులకూ దక్కుతున్నాయి. కొలంబియా ధనిక దేశం కాదు, బొగోటా ట్రాఫిక్ లేని నగరం అంతకన్నా కాదు.

హైదరాబాద్‌కు ఈ ముచ్చట కొత్తేమీ కాదు. 2015లో ఐటీ కారిడార్‌లో గురువారాలు కార్లు వద్దన్నారు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్‌ను జనానికి వదిలేస్తే పిల్లాపాపలతో కిక్కిరిసింది. అదే ఏడాది చార్మినార్ దగ్గరా ఆ వేడుక చేశారు. వరంగల్ అయితే, కేంద్ర ప్రభుత్వం పెట్టిన సైకిళ్ల పోటీలో దేశంలో ఎంపికైన 11 నగరాల్లో ఒకటిగా నిలిచింది. చూస్తే అన్నీ ఉత్సవాలే. ఊరి చివరో, చెరువు గట్టు మీదో, చారిత్రక కట్టడం ముందో! రోజూ జనం నలిగే చౌరస్తా జోలికి మాత్రం ఎవరూ రారు.

ఆ జోలికి రావడానికి అమీర్‌పేట-పంజాగుట్ట కన్నా మంచి చోటు నగరంలో లేదు. ముందు అక్కడుండే మనుషులను చూడండి. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో హాస్టళ్లు, ఎస్సార్ నగర్‌లో హాస్టళ్లు, బల్కంపేటలో హాస్టళ్లు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా జిల్లాల నుంచి వచ్చి, జావా, పైథాన్ జిరాక్సు నోట్సు చంకన పెట్టుకుని క్లాసుకు పోయే పిల్లలు. వీళ్లలో కారున్నవాళ్లెందరు? బైకున్నవాళ్లే తక్కువ. ఇంత మంది నడిచే పేటలో నడవడానికే చోటు లేదు. ఫుట్‌పాత్ మీద ఇడ్లీ బండి, దాని పక్కన కరపత్రాలు పంచే కుర్రాడు, ఆ పక్కన పార్కింగు. ఆదివారం పొద్దున ఇదే రోడ్డు ఖాళీ చేసి ఇస్తే మొదట దిగేది ఈ పిల్లలే.

రెండోది, వాహనాల కోసం ఈ చౌరస్తాకు చేయని సేవ లేదు. కింద రోడ్డు, మధ్యలో ఫ్లైఓవర్, ఆపైన మెట్రో. ఆ ఫ్లైఓవర్ కడుతుండగానే 2007 సెప్టెంబర్ 9న కొంత కూలి ప్రాణాలు పోయాయి. 2017 నవంబర్‌లో అమీర్‌పేట మీదుగా మెట్రో వచ్చింది, మరుసటి ఏడాది ఎల్బీనగర్ దాకా సాగింది. శ్మశానవాటిక దగ్గర స్టీలు వంతెన కూడా తెరిచారు. ఇన్నేళ్ల ఖర్చులో సైకిల్‌వాడి వాటా సున్నా.

ఇప్పుడు ఆ కాంక్రీటే అతనికి పనికొస్తుంది. ఎస్సార్ నగర్ నుంచి అమీర్‌పేట, పంజాగుట్ట, ఇర్రమ్ మంజిల్ మీదుగా ఖైరతాబాద్ దాకా ఐదు మెట్రో స్టేషన్లు ఒకే వరసలో ఉన్నాయి. కింద రోడ్డు మూసినా పైన రైలు ఆగదు. రాజ్‌భవన్ వైపు నుంచి బంజారాహిల్స్ పోయేవాళ్లు ఫ్లైఓవర్ మీద దాటిపోతారు. మెట్రో స్తంభాలు రోడ్డును నడిమికి చీలుస్తున్నాయి కాబట్టి రెండు వైపులా మూయాల్సిన పని కూడా లేదు. ఒక వైపు సైకిళ్లకిచ్చి, రెండో వైపు బస్సులనూ అంబులెన్సులనూ నడపొచ్చు. ఎప్పుడంటారా? మెట్రో తొలి రైలు కదిలాక రెండు మూడు గంటలు చాలు.

నిమ్స్ మాటేమిటని వెంటనే అడుగుతారు. అడగాల్సిందే. రాష్ట్రం నలుమూలల నుంచి రోగులొచ్చే ఆస్పత్రి అది. దాని గేటున్న వైపును ఎప్పుడూ మూయొద్దు, అంతే. పైగా ఖాళీ రోడ్డు మీద సైకిల్‌వాడు పక్కకు తప్పుకోవడానికి రెండు క్షణాలు పడుతుంది. సోమవారం తొమ్మిదింటికి అదే చౌరస్తాలో ఇరుక్కున్న అంబులెన్సుకు దారివ్వడానికి కార్లకు ఎంతసేపు పడుతుందో చూసినవాళ్లకు తెలుసు. దుకాణాల బేరం పోతుందన్న భయం ఉత్తదే. ఆ వేళకు తెరిచి ఉండేవి టిఫిన్ సెంటర్లు, టీ కొట్లు. జనం పెరిగితే వాటి పంట పండినట్టే. మిగిలింది బస్సులు. వాటిని అవసరమైతే బేగంపేట, గ్రీన్‌ల్యాండ్స్ మీదుగా తిప్పడం ట్రాఫిక్ పోలీసులకు వెన్నతో పెట్టిన విద్య. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి ఏటా తిప్పుతూనే ఉన్నారు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ వస్తే పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద వేలమంది పరుగెత్తుతారు. ఆ పొద్దున నగరం ఏమీ ఆగిపోదు.

ఒక లాభం లెక్కల్లోకి రాదు. పంజాగుట్ట దాటాక రోడ్డు వాలు ఎలా మారుతుందో కారులో పోయేవాళ్లకు తెలియదు, సైకిల్ తొక్కేవాళ్ల పిక్కలకు తెలుస్తుంది. ఆ మిట్ట మీదే ఇర్రమ్ మంజిల్ ఉంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన భవనం. దాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కడతామని ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు గురించి పేపర్లలో చదివినవాళ్లలో భవనాన్ని ఒక్క నిమిషం ఆగి చూసినవాళ్లు ఎందరుంటారు? ఆగుదామన్నా వెనక హారన్లు ఆగనివ్వవు.

మొదలుపెట్టే ముహూర్తం కూడా చెప్పుకోవచ్చు. ఏటా సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ అవుతాయి, సగం నగరం ఊళ్లకు పోతుంది, పంజాగుట్టలో సిగ్నల్ పడకుండానే రోడ్డు దాటొచ్చు. ఆ వారంలో వచ్చే ఆదివారం బ్యారికేడ్లు పెడితే పోలీసులకు శ్రమ తక్కువ, తిట్టేవాళ్లూ తక్కువ. కాకపోతే దాన్నే విజయమని ప్రకటించి ఫొటోలు దిగకూడదు. పండక్కి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చే ఆదివారం ఒకటుంటుంది. విజయవాడ, రాజమండ్రి నుంచి రాత్రంతా నడిచిన ప్రైవేటు బస్సులు తెల్లారేసరికి ఎస్సార్ నగర్‌లో, అమీర్‌పేటలో జనాన్ని సంచులతో సహా దింపుతాయి, వాళ్ల కోసం ఆటోలు రోడ్డుకు అడ్డంగా నిలబడతాయి. ఆ పొద్దున కూడా బ్యారికేడ్లు తీయకుండా ఉంచగలరా అన్నదే ట్రాఫిక్ పోలీసులకూ జీహెచ్‌ఎంసీకీ అసలు పరీక్ష.