రెండు బంగారాల ఊరు

మాది హిమాయత్‌నగర్ అనగానే హైదరాబాద్ వాళ్లు "ఏ గల్లీ?" అంటారు. గల్లీ కాదు మహాప్రభో, తాలూకా! మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లాలో. రైలు స్టేషనుంది, పరమేశ్వరుడి గుడి ఉంది, శివరాత్రికి జాతర ఉంది. ఇన్ని ఉన్నా ఫోన్‌లో ఊరి పేరు కొడితే మ్యాప్ పోయి నారాయణగూడ పక్కన నిలబడుతుంది. పిన్‌కోడ్ 4తో మొదలైతే మేము, 5తో మొదలైతే వాళ్లు. అంతే తేడా. ఆ ఒక్క అంకె చూసే ఓపిక లేని కొరియర్ పుణ్యాన, మలక్‌పేట నుంచి మా వదిన పంపిన ఆవకాయ డబ్బా నగరమంతా ఊరేగి మళ్లీ మలక్‌పేటకే చేరింది. ఆవకాయకేం, బాగా ఊరింది. ఎండిపోయింది మా నోళ్లే.

1956 నవంబర్ 1కి ముందు ఈ తంటా లేదు. అందరం హైదరాబాద్ రాష్ట్రమే. ఆ రోజు నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, 1960 మే 1న మహారాష్ట్ర అయింది. మా పొరుగున ఉన్న ఇస్లాపూర్ అయితే 1956 దాకా ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలోది. కిన్వట్‌తో పాటు అదీ ఇటు వచ్చేసింది. ఊళ్లను పంచినంత సులువుగా రైలు పట్టాలను పంచలేరు కదా! ఈనాటికీ హైదరాబాద్ నుంచి రైల్లో ఆదిలాబాద్ పోవాలంటే బాసర దాటి మహారాష్ట్రలో పడి, ధర్మాబాద్, ముద్‌ఖేడ్, భోకర్, మా ఊరు, కిన్వట్ అన్నీ చూసి మళ్లీ తెలంగాణలో దిగాలి. తిరుపతి నుంచి వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో కొత్తవాళ్లు పొద్దున్నే కళ్లు నులుముకుని మరాఠీ బోర్డులు చూసి, ఎక్కిన బండి మీదే అనుమానం పెట్టుకుంటారు. "ఆదిలాబాదే పోతది, కూసోండి" అని తెలుగులో చెప్తే ఇంకా కంగారుపడతారు. పైసా ఖర్చులేని వినోదం.

హైదరాబాద్‌లో ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒక పెద్దమనిషి "అరె, తెలుగు మంచిగ మాట్లాడుతున్నవే!" అని మెచ్చుకుంటాడు. నాందేడ్‌లో ఆఫీసు గుమాస్తా మరాఠీలో అదే మాటంటాడు. ఇద్దరికీ దండం పెట్టి ఊరుకోవడం నేర్చుకున్నాం. వానల సంగతే కాస్త బాధ. తెలుగు టీవీ మేఘాలు ఆదిలాబాద్ దగ్గర ఆగిపోతాయి, మరాఠీ టీవీ మేఘాలు నాందేడ్ పట్నం దగ్గర. మధ్యలో మేం గొడుగు పట్టుకోవాలో వద్దో ఎవరూ చెప్పరు.

ఇంతకీ నేను ఇక్కడి నుంచి కదలకపోవడానికి కారణం పండగలు. చైత్ర పాడ్యమి నాడు మా ఇంట్లో ఉగాది పచ్చడి, ఎదురుగా ఉన్న మరాఠీ ఇంటి మీద గుడ్డ కట్టి నిలిపిన పండగ కర్ర, గుఢీ. మేం గిన్నెడు పచ్చడి పంపిస్తే అటు నుంచి శ్రీఖండ్, పూరీలు వస్తాయి. వేపపువ్వు పంపి తీపి రాబట్టుకునే ఈ బేరంలో నష్టం ఎవరికో మీకే తెలుసు. మా ఎదురింటాయన మాత్రం ఏటా పచ్చడి గిన్నె ఖాళీ చేసే తిరిగిస్తాడు. మంచి మనిషి.

దసరా సాయంత్రం మరీ ముచ్చట. తెలుగు ఇళ్లలో జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అంటారు, మరాఠీ ఇళ్లలో ఆప్టా ఆకు ఇచ్చి సోనా అంటారు. పిల్లలకు పాదాలు మొక్కే పని రెండింతలు, దొరికే చిల్లరా రెండింతలే. రాత్రికి చొక్కా జేబులు రెండూ ఆకులతో నిండిపోతాయి. మర్నాడు బట్టలుతికే మా ఆవిడ తిట్లు కూడా రెండు భాషల్లోనే.

తులం ధర చూసి దిగులుపడుతున్న చుట్టాలారా, ఈ దసరాకు మా ఊరు రండి. మా దగ్గర బంగారం రెండు రకాలు. ఏదీ తూకం వేయం, తరుగు అసలే తీయం.